ఎవరి చీర?

మొన్న శివరాత్రికి పట్టిసీమ వెళ్ళాం. వీరభద్రస్వామి కొండ దగ్గరపడుతోందనగానే లాంచీలో అందరూ ఓ పక్కకి ఎగబడ్డారు. "అందరూ ఒకేవైపు రాకండమ్మా, ఒరిగిపోద్ది!" అని సరంగు కేకేశాడు. పక్కనే ఉన్న మా అక్కయ్య కొడుకు నవ్వి, "పిన్నీ! నువ్వు కట్టుకున్న చీర ఇలాంటి ఒరుగుడులోంచి వచ్చిందే" అన్నాడు.

వాడు పొద్దున షేర్లు కొని సాయంత్రంలోగా అమ్మేస్తుంటాడు. మూడు రూపాయల షేరొకటి ఎగరడం చూసి కొన్నాట్ట. కంపెనీ ఏం చేస్తుందో తెలీదు. "ఎవరో కావాలనే లేపుతున్నారని తెలుసు. నేను దిగేదాకా లేస్తే చాలనుకున్నా."

ఇలా లేపేవాళ్ళు ముందు తమలో తామే కొనుక్కుంటూ, అమ్ముకుంటూ ధర పెంచుతారు. కానీ ఆ సరుకంతా చివరికి బయటివాళ్ళకి అంటగట్టాలిగా! దానికి సందడి కావాలి. తిరునాళ్ళలో గుంపున్న కొట్టు దగ్గరికే మనమూ వెళ్తాం. ఆ గుంపు మావాడిలాంటి వాళ్ళు.

2022లో సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే కంపెనీ గురించి యూట్యూబులో అబద్ధపు కబుర్లు వచ్చాయి. 2,167 మంది ఉన్న చిన్న వాటాదార్లు 55,343 మంది అయ్యారు. ఆ సందట్లో పెద్దలు అమ్ముకుని బయటపడ్డారని సెబీ 2023 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. పోనీ, రోజువారీ బేరగాళ్ళన్నా బాగుపడుతున్నారా? 2022-23లో వాళ్ళలో పదిమందికి ఏడుగురు నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది.

"నేను అబద్ధమేం చెప్పలేదుగా, పిన్నీ!"

నిజమే, చెప్పలేదు. దొంగనోటు అచ్చువేసినవాడు వేరే ఉన్నాడు. కానీ దొంగదని తెలిసీ పక్కవాడికి చెల్లించినవాణ్ణి ఏమనాలి? వాణ్ణి అనబోయి ఆగాను. చిరిగిన నోటు మడిచి, చీకటిపడ్డాక కూరలావిడ చేతిలో పెట్టిన రోజు గుర్తొచ్చింది. మీకూ అలాంటి రోజొకటి ఉండే ఉంటుంది. అయితే కూరలావిడ మొహం నాకు తెలుసు. మర్నాడు ఆవిడ కళ్ళలోకి చూడాల్సొచ్చింది.

"నీ దగ్గర కొన్నదెవర్రా?" అన్నాను.

"ఎవరో! పేరు కనబడదుగా."

అదే వచ్చిన చిక్కు. నష్టపోయినవాడి మొహం కనబడకపోతే పాపం లాభంలానే ఉంటుంది.

ఇంటికొచ్చి చీర మార్చుకుని మడత పెడుతున్నాను. అంచు బావుంది. ఇది ఏ పిన్నికి రావలసిన చీరో!