తోటమాలినని చెప్పుంటే బతికేవాడు

స్వధర్మం గురించి మాట్లాడినప్పుడల్లా యువత నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "గురువుగారూ, ఉద్యోగమే పోతే ఇంక నా ధర్మం ఏమిటి?" దీనికి జవాబు ఈసారి మన సంప్రదాయం బయట నుంచి చెప్తాను. మంచి ఎక్కడున్నా దణ్ణం పెట్టమనే కదా మన పెద్దలు నేర్పింది!

ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో 1651లో జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ అనే ఆయన పుట్టారు. కలిగిన కుటుంబం, పెద్ద చర్చిలో గౌరవమైన పదవి. పేదపిల్లలకు చదువు చెప్పే పంతుళ్లను ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నారు. బంధువులు మండిపడ్డారు. 1683లో పదవి వదిలేశారు. కరువొస్తే ఆస్తి కూడా పేదలకు పెట్టేశారు. అప్పట్లో చదువు లాటిన్‌తో మొదలయ్యేది; ఆయన బడుల్లో ఫ్రెంచితోనే మొదలుపెట్టించారు. ఆయన స్థాపించిన సంఘంలోని వాళ్లు చర్చి పూజలు చేసే ఫాదర్లు కారు, "బ్రదర్స్". పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు. పాఠం చెప్పడమే వాళ్ల తపస్సు. 1950లో కేథలిక్ చర్చి లా సాల్‌ను ఉపాధ్యాయులందరికీ రక్షక పునీతుడిగా ప్రకటించింది.

మరి పాఠం చెప్పడం చేతకాకపోతే?

బెల్జియంలో బ్రదర్ ముతియెన్ మారీకి అదే జరిగింది. క్లాసులో పిల్లలు ఆయన మాట వినేవాళ్లు కాదు. పనికిరాడని పంపించేద్దామనుకున్నారు. సంగీతం, చిత్రలేఖనం చూసే ఒక పెద్ద బ్రదర్ చేరదీసి సహాయకుడిగా పెట్టుకున్నారు. అంతే, మలోన్ అనే ఊరి బడిలో 1917లో కన్నుమూసేదాకా ఆ చిన్న పనులే ఓపిగ్గా చేశారు. పిల్లలు ఆయన్ని "ఎప్పుడూ ప్రార్థన చేసే బ్రదర్" అనేవాళ్లు. 1989లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.

ఇంకొకరు స్పెయిన్‌కు చెందిన బ్రదర్ హైమే ఇలారియో. ఈయన మంచి టీచర్. కానీ చెవుడు వచ్చింది. పిల్లలు అడిగేది వినపడకపోతే ఎలా చెప్తారు? బడి వదలాల్సి వచ్చింది. సంఘం వాళ్ల ఇంట్లోనే తోటపనికి కుదిరారు. 1936లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ ద్వేషంలో వేలమంది ఫాదర్లను, సన్యాసులను చంపేశారు. ఈయన్నీ పట్టుకున్నారు. 1937 జనవరిలో విచారణ. "తోటమాలినని చెప్పండి, చాలు" అని లాయరు బతిమాలారు.

ఆలోచించండి, అది అబద్ధం కూడా కాదు! చేస్తున్నది తోటపనే. అయినా ఆయన తాను బ్రదర్‌ననే చెప్పారు. జనవరి 18న తార్రగోనాలో కాల్చి చంపారు.

ఆయన చేతిలో ఉన్నది పార. ఆయన మాత్రం ఆ పారలో తనను చూసుకోలేదు, తను ఇచ్చిన మాటలో చూసుకున్నారు. నాకు అర్థమైనంతవరకు స్వధర్మం అంటే ఇదే. పని మారొచ్చు, చెవి పోవచ్చు, పదవి పోవచ్చు. ఎవరి కోసం బతుకుతానని మాటిచ్చామో అది మన చేతుల్లోనే ఉంటుంది. దాన్ని ఏ హెచ్.ఆర్. మెయిలూ రద్దు చేయలేదు.

ఇలా అన్నంత మాత్రాన ఉద్యోగం పోయిన బాధ చిన్నదని కాదండీ. ఈఎంఐ ఆగదు, ఇంట్లోవాళ్ల ముఖం చూడలేం. ఆ బాధ నిజం. కానీ "నేను పనికిరానివాణ్ని" అన్నది మాత్రం నిజం కాదు. ముతియెన్ గారినీ అలాగే అన్నారు కదా!

ఈ రాత్రి దీపం పెట్టాక ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. మీ ఐడీ కార్డు మీద ఉన్న హోదా పక్కన పెట్టి, "నేనెవరికి మాటిచ్చాను?" అని అడగండి. అమ్మకా, పిల్లలకా, ఇష్టదైవానికా? జవాబు దొరికితే రేపు ఆ మాట కోసం ఒక చిన్న పని చెయ్యండి. తోటకు నీళ్లు పెట్టడమైనా సరే.

శుభం.