మూగజీవుల మాట

లండను నగరమందలి నేషనల్ గ్యాలరీలో విజిల్‌జాకెట్ అను గుఱ్ఱము చిత్రము కలదు. జార్జి స్టబ్స్ అను చిత్రకారుడు సుమారు 1762లో దానిని రచించెను. రౌతు లేడు, కళ్లెము లేదు, వెనుక చెట్టు గాని నేల గాని లేదు. ముంగాళ్లెత్తిన గుఱ్ఱ మొక్కటియే చూచువారి వైపు కన్ను త్రిప్పి నిలిచియున్నది. ఇట్టి చిత్రముల యెదుట నిలిచినవారికై, అందలి జంతువే పలుకుచున్నట్లు వ్రాయు పద్ధతి యొకటి కలదు. ఆ పలుకు గుఱ్ఱముదా, వ్రాసినవానిదా?

చాలమంది గుఱ్ఱము నోట స్వేచ్ఛను గూర్చి పలికింతురు. అది మనుష్యుని కోరిక. స్టబ్స్ అశ్వకళేబరములను పొరపొరగా కోసి, నెలల తరబడి పరిశీలించి, 1766లో అశ్వశరీర నిర్మాణముపై గ్రంథము ప్రకటించెను. చిత్రములోని జీవకళకు ఆ మృతదేహములే ఆధారము. గుఱ్ఱమునకు నిజముగా నోరున్నచో తన యందమును గూర్చియే పలుకునా?

తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. అనంతామాత్యుని భోజరాజీయములో గోవు పులితో సత్యమును గూర్చి సంభాషించును. కథ రమ్యమే. కాని ఆ గోవు పండితునివలె మాటాడును. విని కన్నీరు పెట్టిన గృహస్థుడే వట్టిపోయిన యావును సంతకు తోలునప్పు డా కథను తలచునా?

బసవేశ్వరుల మార్గము వేఱు. పండుగకు తెచ్చిన గొఱ్ఱె తోరణపు టాకులనే మేయుచుండుటను ఆయన యొక వచనమున చూపెను. దానికి మాటలు కల్పింపలేదు. అది తినుచున్నది, అంతే. మఱియొక వచనమున వేదము చదివినవారి యెదుట ఏడువుమని మేకతో తానే పలికెను. ఆ వచనమున వినబడు దుఃఖము ఆయనదే, నింద తగులవలసినది చంపువారికే.

అట్లని జంతువు స్థానమున నిలిచి యూహించుట తప్పనరాదు. కాడి బరువు నూహింపనివాడు బరువు తగ్గింపడు. ఊహించినవానిపై ఆ యూహ యేదైన బాధ్యత మోపినదా యనునదే విచారింపవలసినది. మోపనిచో, మూగదాని పేరిట మనుష్యుడు తన్ను తానే పొగడుకొనుచున్నాడు.

వృషభ శబ్దమే బసవ యైనది. శివాలయమున నంది చెవిలో భక్తులు కోరికలు చెప్పుకొందురు. నంది చెప్పునది వినుటకు ఎవ్వరును చెవి యొగ్గరు. అట్లు చెప్పుకొని వెలుపలికి వచ్చినవారిలో, బండికి కట్టిన యెద్దు మెడపై కాడి పుండు మానినదో లేదో చూచువారు కొందఱే.