కిటికీ లేని గదిలో శనివారం

మక్తల్ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక తువాల వచ్చి సీటు మీద పడుతుంది. తువాల లేనివాడు చేతిసంచి వేస్తాడు. మరికల్‌లో ఒకసారి ఒకాయన చెప్పు వేశాడు. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేశాను. ఈ సీటు పంచాయితీలు నేను తీర్చినన్ని మా ఊరి పెద్దమనుషులు కూడా తీర్చి ఉండరు. అందరికీ కిటికీ పక్కనే కావాలి. మక్తల్ నుంచి రాయచూరు దాకా చూడడానికి ఏముంది? కంది చేలు, నల్ల గుండ్లు, కృష్ణ వంతెన మీద ఒక నిమిషం నీళ్లు, ఆ తర్వాత శక్తినగర్ పొగగొట్టాలు. అయినా కావాలి.

అట్లాంటి కొట్లాటలు చూసీ చూసీ విసిగినవాణ్ని, రిటైరయ్యాక పసిఫిక్ మహాసముద్రం మీద 15 రాత్రులు ప్రయాణం చేసే ఓడలో కిటికీ లేని గదే కావాలని పట్టుబట్టాను.

బిడ్డ సియాటిల్‌లో ఉంటుంది. నేనూ మా ఆమె ఆరు నెలలు ఉండి తిరుగుముఖం పట్టే ముందు, విమానంలో ఎందుకు, ఓడలో జపాన్ దాకా పోదాం, అక్కణ్నుంచి మీరు హైదరాబాద్ పోండి, మేం వెనక్కి వస్తాం అంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి గదులు చూపించింది. బాల్కనీ గది, కిటికీ గది, లోపలి గది. లోపలి గదికి నాలుగు దిక్కులా గోడలే. బాల్కనీ ధరలో ఇంచుమించు సగం.

“సముద్రం దాటుతున్నం నాయినా, కిటికీ లేకుంటే ఎట్ల?” అంది.

“సముద్రం గదిల ఉంటదా బిడ్డా? మెట్లెక్కి పైకి పోతే ఎటు జూసినా అదే గద” అన్నాను. పైగా కింది అంతస్తులో, ఓడ నడుమ ఉన్న గదికి ఊపు తక్కువని తనే చెప్పింది. బస్సులో వెనక సీటువాళ్లు ఎంత ఎగిరిపడతారో నాకు తెలియనిదా!

పైసల సంగతి నేను ఎత్తలేదు. ఎత్తితే ఆమె వెంటనే బాల్కనీ గది తీసుకుంటుంది. అల్లుడికీ, తనకీ కూడా మా పక్కన లోపలి గదే తీసుకుంది, నా మొండితనం చూసి.

అసలు అభ్యంతరం మా ఆమెది. పెళ్లయిన నాటినుంచీ పొద్దున లేచి, చెంబెడు నీళ్లు సూర్యుడికి వదలందే ఆమె నోట్లో చాయ పడదు. “పొద్దు కనపడని అర్రల పొద్దెట్ల పొడుస్తది?” అంది. నేను పెద్ద తెలివి మాట చెప్పాననుకుని ఇట్లా అన్నాను: “గర్భగుడికి కిటికీ ఉంటదా? మన మక్తల్ పడమటి ఆంజనేయస్వామి చీకట్ల ఉండబట్టే హారతి వెలుగుల ఒక్క రెప్పపాటు కనపడితే కండ్ల నీళ్లొస్తయి. నాలుగు దిక్కుల కిటికీలు పెట్టు, పొద్దంతా కనపడతడు, ఎవడూ మెడ చాపడు.”

ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: “గర్భగుడిల ఉండేది దేవుడు. నువ్వెప్పుడు పోయినవ్ లోపలికి?”

నిజమే. గడప ఇవతల నిలబడి మెడ చాచినవాళ్లమే మేం, నాన్న భుజాల మీద కూర్చున్నప్పటి నుంచీ. ఆ రాత్రి నేను మళ్లీ మాట్లాడలేదు. గది మాత్రం లోపలిదే ఖాయమైంది.

చీకటి మీద నాకు మోజు ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మక్తల్ నుంచి పంచదేవ్‌పహాడ్ పోయి, కృష్ణలో పుట్టి ఎక్కితే కురువపురం. కురుమగడ్డ అంటారు మావాళ్లు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు వచ్చి ఉన్న చోటు. నది నడుమ దీవి, కర్ణాటక లెక్కలోకి వస్తుంది, ఇవతలి గట్టు మాది. పుట్టి అంటే వెదురు బుట్టే. అందులో మధ్యలో కూర్చుంటే నది గిరగిరా తిరుగుతుంది, మనం కదలనట్టే ఉంటుంది. అక్కడొక గుహ ఉంది, వాసుదేవానంద సరస్వతి, టెంబే స్వామి అంటారే, ఆయన తపస్సు చేసింది. నడుం వంచి లోపలికి పోయి కూర్చున్నాను ఒకసారి, డ్యూటీ లేని రోజున. ఐదు నిమిషాలకే బయట మనుషుల మాటలు దూరమైపోయాయి, నా ఊపిరి నాకే ఇంకెవరిదో అనిపించింది. టికెట్ టికెట్ అని అరిచి అరిచి వచ్చినవాడికి అది ఎంత సుఖమో!

ఓడలో మొదటి రాత్రి ఆ గుహే వెతుక్కున్నాను. దీపాలన్నీ ఆర్పేస్తే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. మా ఇంట్లో కరెంటు పోయినప్పటి చీకటి కూడా దీని ముందు పలచన. చూడడానికి ఏమీ లేనప్పుడు చూసేవాడు ఏం చేస్తుంటాడు? గుళ్లో ప్రవచనాల్లో ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను, సాక్షి, ద్రష్ట అంటూ. విన్నప్పుడు తల ఊపేవాణ్ని. ఇక్కడ నిజంగా అడుగుదామనుకునే లోపు పక్కమంచం మీంచి, “బాత్రూం ఎటుంది?” అని వినిపించింది. లైటు వేశాను.

రెండో రాత్రికి బిడ్డ ఒక ఉపాయం చెప్పింది. ఓడ ముక్కున ఉన్న కెమెరా చూపించేది టీవీలో ఒక ఛానెల్‌గా వస్తుంది. సౌండు తగ్గించి అది పెట్టుకుంటే తెల్లవారేది తెలుస్తుందట. లోపలి గదులవాళ్లంతా ఇదే చేస్తారట. మా ఆమె ఆ తెరకు దండం పెట్టలేదు. “ఫొటోల పొద్దు” అంది. దీపం సంగతీ అంతే. ఓడలో వత్తి వెలిగించకూడదు, అగరుబత్తి కూడా. బిడ్డ బ్యాటరీ దీపం కొనిచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టుకుంది గానీ, వెలిగించాను అనలేదు, “ఒత్తిన” అంది.

పొద్దున్నే చెప్పులు వేసుకుని, శాలువా కప్పుకుని, కాగితం గ్లాసులో నీళ్లు పట్టుకుని పైకి పోయేది. ఓడ పడమటికి పోతోంది, కాబట్టి తూర్పు మా వెనక. వెనక డెక్కు మీద రెయిలింగు దగ్గర నిలబడేది. మన పడమటి స్వామి చూసే దిక్కుకే పోతున్నం అని ఒక ఆనందం ఆమెకు. తీరా చూస్తే, సెప్టెంబరు నెలాఖరు ఉత్తర పసిఫిక్కు! మబ్బు, పొగమంచు. నాలుగు రోజులు వరసగా సూర్యుడి జాడ లేదు. ఆమె మాత్రం తెల్లటి శూన్యానికి ఎదురుగా నిలబడి, రెండో గ్లాసులోకి నీళ్లు వంచి, దండం పెట్టుకుని వచ్చేది. చలికి ముక్కు ఎర్రబడేది.

ఇదే సందని అడిగాను: “కనపడనిదానికి గంత దూరం పోవుడెందుకు? అర్రల నుంచే మొక్కొచ్చు గద?”

“మబ్బు ఆయన ఏసుకున్నది. గోడ నువ్వు ఏసుకున్నది” అంది.

అప్పటినుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. గుహలో స్వామి కూర్చున్న చీకటి, గర్భగుడి చీకటి, నేను సగం ధరకు కొన్న చీకటి, అన్నీ ఒకటేనా? మా గది శుభ్రం చేసే కుర్రవాడు ఇండోనేషియావాడు. బిడ్డ మాట కలిపింది. తొమ్మిది నెలల ఒప్పందం, ఇంకా కింది అంతస్తులో నీటిమట్టానికి దిగువన గది, ఇద్దరికి కలిపి, కిటికీ లేదు. మేం కావాలని కిటికీ లేని గది తీసుకున్నామని బిడ్డ చెబితే అతను మర్యాదగా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. బొంబాయి బస్సులో చూశాను.

మా పాలమూరు వలస గురించి వేరే చెప్పనక్కర్లేదు. బొంబాయి డ్యూటీ పడితే బస్సు నిండా కూలోళ్లే. మూటలు, తట్టలు, చంటిపిల్లలు. ఆ బస్సులో తువాల పంచాయితీ ఒక్కసారి కూడా రాలేదు. కిటికీ పక్కన కూర్చుంటే రాత్రి చలిగాలి కొడుతుంది, పిల్లకు జలుబు చేస్తుంది. ఒక తల్లి నన్నే అడిగింది, లోపలి సీటు ఇప్పించు సారూ అని. సంతోషానికి పోయేవాడికి కిటికీ కావాలి, బతుకుతెరువుకు పోయేవాడికి నిద్ర కావాలి. ఓడల్లోనూ అంతే. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందిని తీసుకుపోయి నవంబరు 16న డర్బన్‌లో దింపింది, చెరుకు తోటల్లో పనికి. అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లను ఏ గది కావాలని ఎవరూ అడిగి ఉండరు. మా వీధిలో ఒక ముసలాయన బొంబాయి నుంచి జెద్దా ఓడలో హజ్ పోయొచ్చాడు. 1995లో ఆ ఓడలు ఆగిపోయాయి, ఆయన పోయింది అంతకు చాలా ముందు. కింద అరల్లాంటి మంచాలు, గాలాడదు, నమాజుకు మాత్రం అందరూ పైకి పోయేవాళ్లమని చెప్పేవాడు. ఆయన నోట అది ఫిర్యాదుగా రాలేదు. దిక్కు ఎటో రోజూ చెప్పేవాళ్లుండేవారట. అది తెలిస్తే చాలు అనేవాడు.

అంటే మా ఆమె మాటే.

టెంబే స్వామి గుహలోంచి లేచి ఎప్పుడైనా బయటికి రాగలడు. నేనూ రాగలను, జేబులో కార్డు ఉంది, తలుపు తెరుచుకుంటుంది, పైన పన్నెండు రకాల తిండి ఉంది. తలుపు చేతిలో ఉన్నవాడి చీకటి తపస్సు అవుతుందేమో. ఆ ఇండోనేషియా కుర్రవాడి చీకటికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు. వైరాగ్యం అనుకుంటూ నేను చేసింది మామూలు పొదుపు అని మాత్రం తెలిసింది. పొదుపు తప్పు కాదు. దానికి గర్భగుడిని సాక్ష్యానికి పిలవడం కొంచెం తప్పు.

ఇక శనివారం సంగతి. మా ఆమె ఆంజనేయస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, పాతికేళ్లకు పైగా. సముద్రంలో దినరేఖ అని ఒకటి ఉందని, అది దాటిన రోజు ఒక తారీఖు ఎగిరిపోతుందని బిడ్డ ముందే చెప్పింది గానీ, అది ఏ వారమో మేం పట్టించుకోలేదు. శుక్రవారం రాత్రి పడుకున్నాం. లేచేసరికి తలుపు సందులోంచి పెట్టిన కాగితం మీద ఆదివారం అని ఉంది.

“నిన్న శుక్రవారం. ఇయ్యాల ఐతారం. మరి శనివారం యాడ పోయింది?”

నేను నవ్వబోయి ఆగాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. పంచాంగం ప్రకారం వారం అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. ఆ గదిలో సూర్యోదయమే లేదు. కాగితం ఏ వారం అంటే అదే వారం. కిటికీ ఉండి ఉంటే కనీసం శనివారం పోతుంటే చూసేదాన్ని అన్నట్టుంది ఆమె చూపు. కిటికీ ఉన్నా సముద్రం మీద గీత కనపడదని చెప్పాను. ఏకాదశి అయితే ఎటూ పోయేది కాదని కూడా చెప్పాను. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం, 12 డిగ్రీలకు ఒక తిథి, అది లోకమంతటికీ ఒక్కసారే మారుతుంది, ఏ రేఖా దాన్ని మింగలేదు. వారం అట్లా కాదు, నేల మీద నిలబడినవాడి లెక్క. “అయితే స్వామి కూడా ఏకాదశికి మారాల్నా?” అంది.

ఆ మధ్యాహ్నం ఓడలో ఒక ఉపన్యాసం ఉంటే బిడ్డ విని వచ్చి చెప్పింది. 1519లో స్పెయిన్ నుంచి బయల్దేరిన మెగలాన్ ఓడల్లో చివరికి ఒక్కటే 1522లో ప్రపంచం చుట్టి తిరిగొచ్చింది, 18 మందితో. వాళ్ల లెక్కలో బుధవారం, కేప్ వెర్డే దీవుల్లో దిగి అడిగితే గురువారం అన్నారు. రోజూ రాసుకున్న పుస్తకంలో ఒక్క రోజూ తప్పలేదు. మా ఆమె శ్రద్ధగా విని, “వాళ్లకూ ఒక్కపొద్దులుండెనా?” అని అడిగింది. ఉండేవి, శుక్రవారం మాంసం ముట్టరు కదా. “పాపం” అంది.

మక్తల్ వచ్చాక ఒక సాయంత్రం కూర్చుని లెక్క కట్టాను. డ్యూటీ దిగి టికెట్ల లెక్క రాసే అలవాటు పోదు, పైసా తేడా వచ్చినా నిద్ర పట్టదు. హైదరాబాద్ నుంచి సియాటిల్ పోయినప్పుడు గడియారం 12 గంటల 30 నిమిషాలు వెనక్కి తిప్పాం. ఓడలో ఎనిమిది రాత్రులు గంట చొప్పున వెనక్కి, అంటే 8 గంటలు. జపాన్ నుంచి హైదరాబాద్‌కు మరో మూడున్నర. కూడితే సరిగ్గా 24. పడమటికే పోతూ భూమిని ఒక చుట్టు చుట్టాం. శనివారాన్ని ఎవరూ దొంగిలించలేదు, గంటా అరగంటా చొప్పున ముందే మాకు చెల్లించేశారు. ఆ ఎనిమిది రాత్రులూ మేం హాయిగా ఒక్కో గంట ఎక్కువ పడుకున్నాం.

కాగితం తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని అంకె అంకె చూసింది. కూడిక సరిగ్గానే ఉందని ఒప్పుకుంది.

“గంటలు ముట్టినయ్” అంది. “ఉపాసం బాకీనే ఉన్నది.”

ఆ వారం శనివారంతో పాటు ఆదివారం కూడా పొయ్యి ముందు కూర్చుని నాకు వండిపెట్టి, తను తినలేదు.