నలభై ఆరు ముక్కల పెట్టె

అమ్మడూ,

నువ్వు పంపిన పెట్టె ఫొటో చూశాను. నలభై ఆరు ముక్కలు, తళతళలాడే సాకెట్లు, ఒక రాచెట్, సగానికి సగం తగ్గించి నాలుగు వందల తొంభై తొమ్మిది. కొననా పెదనాన్నా అని అడిగావు. ఫోన్లో చెబితే మధ్యలో మీ పెద్దమ్మ అందుకుంటుంది, అందుకే రాస్తున్నాను.

చవక సామానంటే నాకు చిన్నచూపేమీ లేదమ్మా. ఐటీఐలో ఫిట్టర్ పిల్లలకు పాఠాలు చెప్పిన రోజుల్లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత స్పానర్లు ఏరుకొచ్చినవాణ్ణే నేను. ఏ పనిముట్టు చూసినా ఒక్కటే అడుగుతాను: ఇది చేతిలో ఉండగా పాడైతే నష్టం దేనికి? దానికే అయితే చవకది కొనుక్కో, పోతే పారెయ్. అది పోతూ పోతూ స్క్రూనో, చెక్కనో, నీ వేలినో వెంట తీసుకుపోయేదైతే మాత్రం డబ్బు దగ్గర చూసుకోకు.

ఇప్పుడు ఆ పెట్టె సంగతి. నీ ఫ్లాట్లో సాకెట్ పెట్టి తిప్పాల్సిన నట్లు ఎక్కడున్నాయే? వాషింగ్ మెషీన్ వెనక రవాణా బోల్టులుంటాయి, అవి కంపెనీవాడే తీసేసి ఉంటాడు. స్కూటీకి పనికొస్తుందని అల్లుడుగారు అంటే, దానికి స్పానర్లు రెండు మూడు చాలు. నీకు నెలనెలా చేతికి కావలసింది స్క్రూడ్రైవర్. ఆ పెట్టెలో అన్నిటికన్నా నాసిరకంగా ఉండేవీ దాని బిట్లే.

తలుపు హ్యాండిల్, అల్మారా హింజ్, మిక్సీ అడుగు, ఇలా మనింట్లో కనిపించే స్క్రూల్లో ఎక్కువ భాగం స్టార్ రెండో నంబరే. డ్రైవర్ మీద పీహెచ్2 అని ఉంటుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసెక్కుతుంది. మళ్లీ కాస్త వేడిచేసి ఆ పెళుసు తీస్తారు, అదే టెంపరింగ్. చవక బిట్లలో కక్కుర్తంతా ఇక్కడే. మొదటి కాపు సరిగా పడకపోతే మొన మెత్తగా ఉండి అరిగిపోతుంది, రెండోది పడకపోతే పుటుక్కున విరుగుతుంది. విరిగితే నయమే, ఇంకోటి కొంటావు. అరిగినదే ప్రమాదం. జారిన ప్రతిసారీ స్క్రూ తలలోని గాడిని కొంచెం కొరుక్కుతింటుంది. నాలుగుసార్లు జారేసరికి అక్కడ గాడి పోయి గుండ్రటి గుంట మిగులుతుంది. ఇక దాన్ని కార్పెంటర్ వచ్చి డ్రిల్లుతో తొలచాల్సిందే. తొలిచేటప్పుడు నీ కొత్త అల్మారా చెక్క పెచ్చు లేస్తే అతన్ని అని లాభం లేదు.

క్రోమ్ వెనేడియం అని దానిమీద రాసుంది కదా అంటావు. అచ్చు గుద్దడానికి ఖర్చేముంది? పైన పటారం, లోన లొటారం. కొట్టుకెళ్లినప్పుడు ఒక స్క్రూ అడిగి తీసుకో, మొన అందులో పెట్టి అటూ ఇటూ కదుపు. లొడలొడలాడితే పక్కన పెట్టెయ్. మా వర్క్‌షాపులో అయితే ఆకురాయి ఆనించి చూసేవాళ్లం; రాయి జారితే గట్టిది, కొరికితే మెత్తది. కొట్లో ఆ పని చేస్తే కొట్టువాడు ఊరుకోడనుకో.

టేపు మాత్రం ఏ చవకదైనా కొను. దాని చివరి కొక్కెం కాస్త కదులుతుంటే లోపమని తిరిగివ్వకు. కావాలనే అలా చేస్తారు. అంచుకు తగిలించి లాగితే కొక్కెం తన మందమంత ముందుకు జరుగుతుంది, గోడకు ఆనిస్తే అంతే వెనక్కి పోతుంది. అందుకే లోపలి కొలతా, బయటి కొలతా రెండూ సరిగ్గా వస్తాయి. సుత్తి కూడా మామూలుది చాలు, పిడి పట్టుకుని ఊపినప్పుడు తల కదలకుండా ఉంటే.

కరెంటు పనికి వాడేవాటిలో బేరాలొద్దు తల్లీ. టెస్టర్ అతి చిన్న వస్తువు, అందరం పదికీ ఇరవైకీ కొనేస్తాం. దానిలో నియాన్ బుడ్డితో పాటు చిన్న రెసిస్టర్ ఉంటుంది. నువ్వు వెనక వేలు పెట్టినప్పుడు కరెంటు నీ ఒంట్లోంచే నేలకు పోతుంది, ఆ రెసిస్టరే దాన్ని అదుపులో ఉంచుతుంది. మంచిదానిలో అది మెగా ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది కనుక 230 వోల్టుల మీద కూడా నీకు తగిలేది మిల్లీ ఆంపియర్‌లో పావు వంతే. ఊరూపేరూ లేని టెస్టర్లో ఏం పెట్టాడో విప్పితే గానీ తెలీదు. ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకో. వాడేముందు, కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో ఒకసారి పెట్టి వెలుగుతుందో లేదో చూడు. పాడైపోయి వెలగని టెస్టర్‌ని చూసి కరెంటు లేదనుకుని వైరు పట్టుకున్నవాళ్లున్నారు.

కటింగ్ ప్లేయర్‌కు రంగు ప్లాస్టిక్ తొడుగుంటే షాక్ కొట్టదనుకుంటారు చాలామంది. ఆ తొడుగు పట్టు కోసం. కరెంటుకు పనికొచ్చేదాని మీద 1000 వోల్టులని, పక్కన రెండు త్రికోణాల గుర్తు ఉంటుంది. అదున్నా మెయిన్ ఆపే ముట్టుకో. మామూలు పనికి నాసిక్‌వాళ్ల టపారియా చాలు, మూడు నాలుగు వందల్లో వస్తుంది, నీ పిల్లలు కూడా వాడతారు.

డ్రిల్లు గురించి నా మాట కొంచెం విచిత్రంగా ఉంటుంది. ఏడాదికి పది కన్నాలు పెట్టే ఇంటికి ఓ మోస్తరు మెషీన్ చాలు, హ్యామర్ ఉండాలి అంతే. బిట్టు మాత్రం మంచిది కొను. గోడ బిట్టు మొనకు కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది. చవకదైతే బీమ్ కాంక్రీట్లో ఆ ముక్క ఊడి లోపలే ఉండిపోతుంది, మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఆ కన్నం ఇక పూర్తి కాదు. గ్రైండర్ అసలొద్దు. నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరిగే డిస్కు అది, పగిలితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మంచి కంపెనీవాళ్లు డిస్కు మధ్య రింగు మీద గడువు తేదీ వేస్తారు. నిచ్చెన కూడా నాసిది కొనకు, నడుము విరిగితే ఆఫర్లో దొరకదు.

కాబట్టి పెట్టె వద్దు. ఆ అయిదు వందలకు ఇంకో అయిదు వందలు కలిపి రాణీగంజ్‌కి వెళ్లు. పీహెచ్2 ఒకటి, చిన్న మైనస్ ఒకటి, టెస్టర్, కటింగ్ ప్లేయర్, టేపు తీసుకో. మిగతావి అవసరం పడినప్పుడు ఒక్కొక్కటే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మీ ఇంట్లో కర్టెన్ రాడ్డు బిగించే పనికి ఆదివారం నేనొస్తాను. ఈలోగా అల్లుడుగారు సరదా పడితే మాత్రం, స్విచ్ బోర్డుకు నిటారుగా పైనా కిందా డ్రిల్లు పెట్టొద్దని చెప్పు. గోడలో వైర్ల పైపు ఎక్కువగా అటే పోతుంది.

మీ పెదనాన్న