తీసివేయరాని కాపరి

సంఘము పెట్టు అన్నము తినుచున్న కాపరి ఆ సంఘపు పెద్దల తప్పును వారి యెదుటనే చెప్పగలడా? ఇంగ్లండు దేశపు పాత సంఘ చట్టము ఈ ప్రశ్నకు వింతయైన జవాబిచ్చెను.

అచ్చట పాదిరిగారికి పారిష్‌ను ఒప్పగించుట రెండు మెట్లుగా జరుగుచుండెను. మొదట బిషప్పు ఆత్మలను కాయు పనిని అతనికి అప్పగించును. పిమ్మట ఆర్చిడీకనుగాని ఆయన పంపినవాడుగాని అతని చేతిని గుడి తాళపుచెవిమీద నుంచి లోనికి ప్రవేశపెట్టును. అప్పుడతడు గంట మ్రోగించును; ఊరంతయు వినును. అంతటితో గుడియు, సమాధుల దొడ్డియు, పాదిరిగారి యిల్లును, మాన్యమును అతని జీవితకాలమంతయు అతని హక్కు క్రిందికి వచ్చును. దీనినే ఫ్రీహోల్డు అందురు.

అతనిని ఆ పదవికి సూచించినవాడు తరచుగా ఆ యూరి భూస్వామియే. అయినను గంట మ్రోగిన తరువాత ఆ భూస్వామి అతనిని తీసివేయలేడు. బిషప్పు సహితము తన యిష్టము చొప్పున తీసివేయలేడు. సంఘ న్యాయస్థానములో నేరము ఋజువు కావలెను. కాబట్టి భూస్వామి ముందువరుసలో కూర్చున్నను, కూలివాని కూలి బిగబట్టుట పాపమని ప్రసంగించుటకు అతనికి భయము లేదు.

అయితే ఆ హక్కు సోమరికిని చెల్లెను. 18వ శతాబ్దములో కొందరు రెండేసి పారిష్‌ల రాబడి తీసికొని, తాము వేరొకచోట కాపురముండి, కొద్ది జీతమునకు క్యూరేటును పెట్టి పని జరిపించిరి. 1838లో గాని చట్టము దీనిని గట్టిగా అదుపు చేయలేదు. యోహాను సువార్త 10వ అధ్యాయములోని జీతగాడు వీరిలో ఎవరు? జీతమునకున్నవాడు క్యూరేటే. మందను విడిచిపోయినవాడో, గొఱ్ఱెలు తనవని చట్టమే ఒప్పుకొనినవాడు!

1662లో క్రొత్త ప్రార్థనా పుస్తకమునకు పూర్తి సమ్మతి చెప్పనివారు ఆగస్టు 24 నాటికి స్థానములు విడువవలెనని పార్లమెంటు ఆజ్ఞాపించెను. ఆ యేటి దశమభాగములు సెప్టెంబరు చివర చేతికి రావలసియుండెను. అయినను అనేకులు భార్యాబిడ్డలతో ఇండ్లు విడిచి బయలుదేరిరి. 1660 నుండి లెక్కించినయెడల స్థానములు పోయినవారు దాదాపు 2000 మంది. వారి ధైర్యము ఫ్రీహోల్డువలన వచ్చినది కాదు. అట్లని ఆ హక్కు వ్యర్థమని నేననను; అందరును అంత ధైర్యవంతులు కారు, పిల్లలు ఆకలిగొనిన యింట సత్యము పలుకుట కష్టము.

2011 నుండి అచ్చట క్రొత్తగా నియమింపబడువారికి ఫ్రీహోల్డు లేదు; వేరు నిబంధనలు వారిని కాపాడుచున్నవి. గంట మ్రోగించు వాడుక మాత్రము నిలిచియున్నది. ఎన్నిమారులు మ్రోగించిన అన్ని యేండ్లు ఉండునని జనులు లెక్కపెట్టుదురట.