శిక్ష తీరినవానికి రెండవ శిక్ష

మేడ్చలు దాటి నాగపూరు రాజమార్గమున ఉత్తరముగా సాగినచో అత్వెల్లి వచ్చును. ఈ ప్రాంతమున గిడ్డంగులును కార్ఖానాలును విస్తారముగా నున్నవి. ఈ జిల్లాలోనే చర్లపల్లి కేంద్ర కారాగారమును గలదు. చెరనుండి వెలువడినవాడును, పనివారికొరకు వెదకు యజమానియు ఒక్క జిల్లావారే. అయినను వారి నడుమ దూరము మిక్కిలి పెద్దది. ఆ దూరమునుగూర్చి మనమొకింత విచారింతము.

న్యాయాధిపతి యొకనికి మూడేండ్లు శిక్ష విధించెననుకొందము. మూడేండ్లును గడచినవి. అతడు వెలికి వచ్చి పని యడుగును. పూర్వచరిత్రము విని, "చూచి చెప్పెదము" అని పంపివేయుదురు. ఆ చెప్పుట యెన్నడును జరుగదు. ఇట్లు పది గుమ్మములు తిరిగిన పిమ్మట అతడనుభవించునది యే న్యాయాధిపతి విధించిన శిక్ష? అప్పీలు చేసికొనుటకు ఏ న్యాయస్థానమున్నది? కోర్టు విధించిన శిక్షకు గడువైనను గలదు; మనము విధించుదానికి గడువే లేదు.

దీనికి పెద్దమనుష్యులు చెప్పు ప్రత్యుత్తరము తేలికగా త్రోసివేయదగినది కాదు. "ఏ నేరమునెరుగని పేదలు పనిలేక తిరుగుచుండగా, నేరము చేసినవానికి పని యిచ్చుట న్యాయమా? వానివలన నష్టపడినవారి మాట యేమి? తక్కిన పనివారి క్షేమమునకు నేను బాధ్యుడను గానా?" అందురు. ఈ మూడును నిజమైన ప్రశ్నలే. మేము అతనికి అగ్రతాంబూలమిమ్మని కోరము. అతని మాట వినకమునుపే తలుపు మూయకుడని మాత్రమే కోరుదుము. నష్టపడినవారికిగూడ అతడు కష్టించి బ్రదుకుటయే మేలు గాని, మరల నేరమునకు దిగుట మేలు కాదు. ఇక క్షేమమందురా, పసిబిడ్డలను హింసించినవానిని బడిలో నియమించుట దయ కాదు, అవివేకము. కాని వివేకము నేరమునకును పనికిని గల సంబంధమును పరిశీలించును. జైలను మాట వినినంతనే కన్నులు మూసికొనదు.

2016లో అవతార్ సింగు కేసున సర్వోన్నత న్యాయస్థానము, ఉద్యోగార్థి తన కేసులనుగూర్చి సత్యమునే తెలుపవలెననియు, తెలిపినను అతనిని తప్పక నియమింపుమని యజమానిని నిర్బంధింపరాదనియు, అల్పనేరమును దాచియుండినను యజమాని క్షమింపవచ్చుననియు చెప్పినది. కావున చట్టము తలుపు తెరువుమని ఆజ్ఞాపింపలేదు. తెరచువానికి అడ్డమును రాలేదు. మిగిలినది మన అంతఃకరణమే.

ఒకసారి పడిన మచ్చ చట్టము మారినంతమాత్రమున మాయదు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము, తప్పొనర్పని శిశువును సైతము పుట్టుకచేతనే దోషిగా నెంచినది. ఆ విధానముననే 1913లో గుంటూరు మండలమున, నేటి బాపట్ల జిల్లాలో, స్టూవర్టుపురము వెలసినది. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. ఊరి పేరు వినిన అనుమానించు అలవాటు మాత్రము రద్దు కాలేదు. 1970వ దశకమున గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారును, ఆమె భర్త లవణంగారును అచ్చటివారి నడుమ సంస్కరణోద్యమమును సాగించిరి. వారు దూరమునుండి నీతులు పంపలేదు, మనుష్యులయొద్దకు పోయిరి. హైదరాబాదులో చంచల్‌గూడ కారాగారము చెంత కారాగారశాఖవారి పెట్రోలు బంకున శిక్షపడినవారే బండ్లకు నూనె పోసిరి, సొమ్ము పుచ్చుకొనిరి. ప్రజలు వారి చేతికి రూపాయలిచ్చి తమ దారిన పోయిరి. నమ్మకము అసాధ్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇట్టివారికి తోడ్పడగోరు స్వచ్ఛంద సేవకులకు రెండు మాటలు. పని యిప్పించుటతో సేవ ముగియదు. అసలు సేవ ఆనాడే మొదలగును. మొదటి జీతము చేతికందువరకు అతడేమి తినును? బ్యాంకు ఖాతా తెరువవలెను, ఆధార్ చీటీ వెదకవలెను, రాత్రి పాళీ ముగిసిన పిదప ఇల్లు చేరుటకు దారి చూడవలెను. ఇవి చిన్న పనులే. ఇవి చెడినందుననే పెద్ద సంకల్పములు చెడును. యజమానికి సత్యము దాచి పని యిప్పింపరాదు. బయటపడిననాడు ఆ యొక్కనికే గాక అతని వెనుక వచ్చు పదిమందికిని తలుపు మూతపడును. సభలలో అతని కథ చెప్పి చప్పట్లు పొందుటయు తగదు. ఆ కథ అతని సొత్తు. మన కీర్తికి పెట్టుబడి కాదు.

విజ్ఞులారా, మన దయకు పరీక్ష అతనిని పనిలో చేర్చుకొన్ననాడు జరుగదు. ఏ ఆరునెలలకో గిడ్డంగిలో ఒక వస్తువు కనబడకపోవును. అప్పుడు అందరి కన్నులును ఒక్కనివైపే తిరుగును. ఆ క్షణమున, "అందరినడిగినట్లే అతనినిగూడ అడుగుదము, అందరికంటె ముందుగా కాదు" అని పలుకగలవాడే అతనికి నిజముగా పని యిచ్చినవాడు. తక్కినవారు కూలి మాత్రమే యిచ్చిరి. అట్టి మాట పలుకగలవారు మనలో ఎందరో, ఎవరికి వారే తమ్ము ప్రశ్నించుకొందురు గాక.