మీవాళ్ళకి పనికొస్తాయి

ఇల్లు ఖాళీ చేసుకోవటం ఈమధ్య ఒక నీతి అయి కూచుంది. మా స్టాఫ్ రూములో ఇంటర్వెల్ అయితే ఇదే మాట. ఏడాదిపాటు ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదట, పాతవి పోతే మనసు తేలికవుతుందట. ఫోనులో వీడియోలు చూసొచ్చి చెబుతారు. నిజానికి కొత్త సంగతేం కాదు. భోగినాడు తెల్లారగట్ట విరిగిన కుర్చీలూ, చీకిపోయిన చాటలూ మంటలో వెయ్యటం ఊళ్ళో ఎప్పుడూ ఉన్నదే. మా పేటలోనూ భోగిమంట వేసేవాళ్ళం. వెయ్యటానికి పాతవే ఉండేవి కావు. మేం వాడుకుంటున్నవే పాతవి మరి! తాటాకులూ, ఏరుకొచ్చిన పిడకలూ వేసి చలి కాచుకునేవాళ్ళం.

నన్నడిగితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఇంట్లోంచి బయటికి నెట్టిన వస్తువు ఎక్కడికెళుతుంది? బయట అనే ఖాళీ జాగా ఎక్కడా లేదు. ఊరికి బయట మేమున్నాం. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడు కొవ్వూరు గోష్పాద రేవులో మునిగినవాళ్ళు కట్టుబట్టలు నీళ్ళల్లోనే వదిలేసి, పాపం పోయిందని మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ పన్నెండు రోజులూ మా పిన్ని కూలికెళ్ళి మోకాళ్ళలోతు నీళ్ళలో ఆ తడిబట్టలు లాగి గట్టుకేసింది. పాపం ఎక్కడికి పోయిందో మా పిన్నిని అడిగితే తెలుస్తుంది. 2027లో మళ్ళీ పుష్కరాలు.

మనుధర్మశాస్త్రం ఈ విషయంలో నాన్చలేదు. పదో అధ్యాయంలో శూద్రుడికి ఎంగిలి కూడు, చీకిన బట్టలు, తాలుగింజలు, పాత ఇంటి సామాను ఇవ్వమంది. చండాలుడి దగ్గరకొచ్చేసరికి శవాల మీది బట్టలు కట్టాలనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ రాసింది. పాత వస్తువు ఎవరికి చెందాలో శాసనం చేసిన పుస్తకమది. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ చెప్పింది చెరువు నీళ్ళ సంగతి ఒక్కటే కాదు. పారేసిన మెతుకులకి ఆశపడొద్దని కూడా చెప్పారు. ఆ డిసెంబరు 25న అదే ఊళ్ళో మనుస్మృతిని తగలబెట్టారు. నా లెక్కలో మనం వేసుకున్న మొదటి అసలైన భోగిమంట అది. 1985 జులైలో కారంచేడు సంగతి చదివేవాళ్ళకి తెలిసిందే. మాదిగలు మంచినీళ్ళు ముంచుకునే చెరువులో మురికి కలపొద్దన్నందుకు మొదలైన గొడవ. 17న ఆరుగురిని చంపారు. మీ మురికి మా నీళ్ళలో ఎందుకు పడాలి అని అడగటమే నేరమైపోయింది.

నేను పుట్టింది కొవ్వూరు దగ్గర గోదారి గట్టు పక్క పల్లెలో. అమ్మ ఒక కామందు ఇంట్లో పేడెత్తి, అంట్లు తోమేది. పండగ వెళ్ళిన మర్నాడు పెరటి గుమ్మంలో నిలబెట్టి పాతబట్టల మూట ఇచ్చేవాళ్ళు. చేతికిచ్చేవాళ్ళు కాదు, అరుగు మీద పడేసేవాళ్ళు. ఏడో తరగతిలో ఆ మూటలోని నీలంగళ్ళ చొక్కా వేసుకుని స్కూలుకెళ్ళాను. జేబు కింద సిరా మరక. కామందుగారబ్బాయిది నా క్లాసే. "ఒరే, అది నా చొక్కారా!" అన్నాడు. తిట్టినట్టు కాదు, తన వస్తువు కనబడిందన్న సంతోషంతో అన్నాడు. క్లాసంతా తిరిగి చూసింది. సాయంత్రం ఆటల్లో "చొక్కా చిరుగుద్ది, చూసుకో" అని కూడా అన్నాడు. వాడు మంచివాడే. కానీ ఇచ్చేసిన చొక్కా మీద వాడి హక్కు పోలేదు. వాడు వదులుకున్నది బట్టని. ఇచ్చినవాణ్ణి అనే సంగతిని అట్టే పెట్టుకున్నాడు. ఆ చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా నేను దాన్ని మోస్తూనే ఉన్నాను.

అలాగని పాతదంటేనే అవమానమని అననా? అలా అనుకుంటే నేను డిగ్రీ పాసయ్యేవాణ్ణి కాదు. హాస్టల్లో ఒక సీనియరు తన చరిత్ర నోట్సు, అట్టలూడిన పుస్తకాలు ఇచ్చాడు. ఇచ్చేముందు "నీకేమేం లేవు?" అని అడిగాడు. అవి చదువుకుని నేను నా తర్వాతివాడికి ఇచ్చాను. అప్పటికి వాటి మొదటి పేజీలో నలుగురి పేర్లున్నాయి. ఎవరి పేరూ ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ పుస్తకాలు నాకన్నా పాతవి. అయినా వాటిని పట్టుకు తిరగటానికి నాకెప్పుడూ సిగ్గనిపించలేదు.

మొన్న వేసవిలో మాతో పనిచేసే ఒక మాస్టారు కొవ్వూరు నుంచి రాజమండ్రి అపార్టుమెంటుకి మారుతూ, ఇల్లు సర్దటానికి సాయం రమ్మన్నారు. అగ్రవర్ణమే గాని నా క్యారేజీలో చెయ్యి పెట్టి తినే మనిషి. పొద్దున్నే వెళ్ళాను. అటక మీంచి ఇత్తడి బిందెలు, వాళ్ళ నాన్నగారి పంచాంగాలు, బద్ద విరిగిన ఉయ్యాల దించాం. సాయంత్రానికి మూడు గోతాల బట్టలూ, మూత లేని కుక్కరూ, ఒక పరుపూ పక్కకి చేరాయి. "ఇవి మీరు తీసుకెళ్ళండి మాస్టారూ, మీవాళ్ళకి పనికొస్తాయి" అన్నారు.

ఆ మాటలో విషం లేదు. అందుకే దాని గురించి రాయాల్సొస్తోంది. కుళ్ళుబుద్ధితో అన్నవాడికైతే జవాబు చెప్పటం తేలిక. "మీ చెల్లెలుగారు నిడదవోలులోనే ఉన్నారు కదండీ, ఆవిడకి పంపకూడదా?" అన్నాను. "ఛ, పాతవి ఆవిడకెలా ఇస్తామండీ!" అన్నారు. అనేసి ఆగిపోయారు. కాసేపు అట్టపెట్టెకి తాడు కడుతూ తలెత్తలేదు. తర్వాత ఇద్దరం కలిసి తోపుడుబండి మీద అవన్నీ పాతసామాన్ల కొట్టుకి తీసుకెళ్ళాం. కుక్కరు తూకం వేసి డబ్బులిచ్చాడు. పరుపు ఊరికే ఇస్తామన్నా వద్దన్నాడు. చిత్తుకొట్టువాడికే పనికిరానిది మావాళ్ళకి పనికొస్తుందని ఎలా తోచిందో! రాత్రి పదింటిదాకా ఉండి లారీకి సామానెక్కించి వచ్చాను. బరువు మొయ్యటంలో నాకు చిన్నతనం లేదు, అది స్నేహితుడి పని.

మా ఇంట్లో సర్దటానికి అమ్మ ట్రంకుపెట్టె అడ్డం. 1986 ఆగస్టులో, నేనింకా పుట్టకముందు, భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకొచ్చిన వరదలో మా గుడిసె మొత్తం పోయింది. "ఆయేడు గోదారే మనిల్లు సర్దేసిందిరా" అంటుంది అమ్మ. అప్పట్నించీ కాయితం ముక్క పారెయ్యదు. ఇంటిస్థలం పట్టా, కరెంటు బిల్లులు, నాన్న ఆస్పత్రి చీటీలు, నా మార్కుల కార్డులు, ఏనాడో తీరిపోయిన అప్పుల రసీదులు. పాత బిల్లులన్నా తీసేద్దాం అత్తా అని నా భార్య ఒకసారి అంటే, "రేపు ఆఫీసోడడిగితే నువ్విత్తావంటే?" అని పెట్టెకి తాళమేసింది. అమ్మ మాటే రైటు. కాయితం లేకపోయినా మాట చెల్లేవాళ్ళు కాయితాన్ని చెత్త అనుకోవచ్చు. మాకా వీలు ఇంకా రాలేదు.

మా పేటలో సాయమంటే వస్తువివ్వటం కాదు, తోడు రావటం. మీసేవకి, బ్యాంకుకి, బ్రిడ్జి దాటి రాజమండ్రి డాక్టరు దగ్గరికి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కలెక్టరాఫీసు ఏలూరు నుంచి రాజమండ్రికి దగ్గరైంది, అంతవరకు బస్సుచార్జీ కలిసొచ్చింది. పేటలో చదువుకున్నవాడు ఒకడుంటే వాడి సెలవులు వాడివి కావు. నాకు డీఎస్సీ అప్లికేషన్ పెట్టించటానికి ఒకాయన కూలి మానుకుని రోజంతా నాతో తిరిగాడు. ఆయనకి సంతకం కూడా రాదు. ఆ రోజు ఆయన ఇంట్లో మిగిలిపోయిన రోజు కాదు, కూలిడబ్బులొచ్చే రోజు.

జూన్‌లో మా పేట కుర్రాడికి ఇంటర్లో చేరటానికి కులధ్రువీకరణ పత్రం కావాల్సొచ్చింది. ఆరోజే అమ్మకి కంటి ఆపరేషను. ఆ మాస్టారికి ఫోన్ చేసి, "వాడికి తోడు వెళ్తారా?" అని అడిగాను. అంతకుముందు మా పని మీద ఆయన్నెప్పుడూ పిలవలేదు. సెలవు పెట్టి, స్కూటరు మీద బ్రిడ్జి దాటి వచ్చారు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "మూడింటిదాకా వరండాలోనే ఉన్నాం మాస్టారూ. నన్ను కూర్చోమన్నారు, వాణ్ణి అనలేదు. నేనూ నిలబడే ఉన్నాను. వాళ్ళ నాన్న సర్టిఫికెట్ కూడా తెమ్మన్నారు, రేపు రమ్మన్నారు."

"రేపు నేను చూసుకుంటాలెండి" అన్నాను.

"వద్దు, మీరు అమ్మగారి దగ్గరుండండి. నేనే వస్తాను. ఆ కాగితమేదో రాత్రికి వెతికి పెట్టుకోమనండి" అన్నారు.